పదో మనిషి కోసం ఎదురుచూసిన పొద్దు

సిడ్నీలో హీబ్రూ ఎక్కడ నేర్పుతారు, ఫీజు ఎంత, క్లాసు ఎలా ఉంటుంది అని ఈ బ్లాగు చదివేవాళ్ళు కొందరు అడుగుతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది బైబిల్ కాలేజీల్లో చేరదామనుకునే మన గుంటూరు, ఒంగోలు వైపు పిల్లలు. నా కారణం వేరు. గుంటూరు జిల్లాలో మా పేటలో కొన్ని కుటుంబాలు యూదు ప్రార్థన చేస్తాయి. శనివారం పనికి వెళ్ళం, పంది మాంసం ముట్టం. ఆ పేట ఊరికి ఏ చివర ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. మా నాన్న మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసేవాడు. సాయంత్రాలు రేకుల కప్పున్న ఒక గదిలో మా అందరి చేతా ప్రార్థన చేయించేవాడు. ఆయనకు హీబ్రూ అక్షరాలు రావు. తెలుగు అక్షరాల్లో రాసిన జిరాక్సు పుస్తకమే ఆయన చదువు. అందులో ఉన్నదంతా మాకు నోటికి వచ్చేదాకా వదిలేవాడు కాదు.

పోయిన ఏడాది నాన్న చనిపోయాడు. ఆయన ఆసుపత్రిలో ఉండగానే నాకు ఇక్కడ సీటు వచ్చింది. అప్పుడు ఒక మాట అడిగాడు. "సిడ్నీలో పెద్ద పెద్ద సినగాగులున్నాయంటగా. ఏడాది తిరిగిన రోజున అక్కడ పది మందిలో నిలబడి నా పేరు మీద కద్దిష్ చెప్పరా. అసలైన వాళ్ళు పది మంది ఆమేన్ అనాలి." సినగాగు అంటే యూదుల ప్రార్థన మందిరం, కద్దిష్ అంటే పోయినవాళ్ళ కోసం కొడుకో, అయినవాళ్ళో చెప్పే ప్రార్థన. యుక్తవయసు వచ్చిన మగవాళ్ళు పది మంది ఉంటేనే చెప్పాలి. తొమ్మిది మంది ఉంటే చెప్పకూడదు. మా పేటలో పది మందికి ఎప్పుడూ లోటు లేదు, పిలిస్తే పాతిక మంది వచ్చేవాళ్ళు. అయినా నాన్నకు ఆ అసలైన వాళ్ళ మీద మనసు పోయింది. సరే అన్నాను.

జూలైలో దిగాను. ముందు స్కోఫీల్డ్స్‌లో ఒక తెలుగువాళ్ళ ఇంట్లో గది మాట్లాడుకున్నాను. కొత్త ఇల్లు, కొత్త వీధి, పరుపు కూడా కొత్తదే. ఇంటాయన మర్యాదగా టీ ఇచ్చి, "ఇంటిపేరేంటి బాబూ?" అన్నాడు. చెప్పాను. "గుంటూర్లో ఏ సైడ్?" అన్నాడు. అదీ చెప్పాను. మర్నాడు మెసేజ్ వచ్చింది, కజిన్స్ వస్తున్నారు, రూమ్ ఇవ్వలేం, సారీ అని. ఇంత దూరం విమానమెక్కి వచ్చినా ఆ ప్రశ్న నాకంటే ముందే దిగి కూర్చుంది. చివరికి టూంగాబీలో సరళ ఆంటీ వాళ్ళింట్లో వెనక గది దొరికింది. ఆంటీది విజయవాడ, అంకుల్ ఏదో బ్యాంకులో ఐటీ. వాళ్ళు ఇంటిపేరు అడగలేదు. గీజరు ఎంతసేపు వేస్తావని మాత్రం అడిగారు.

చదువు పారమట్టాలో, హీబ్రూ మంగళవారం సాయంత్రాలు ఊరికి అటు చివర ఈస్టర్న్ సబర్బ్స్‌లో ఒక హాల్లో. పది వారాలకు నాలుగు వందల డాలర్ల దాకా తీసుకుంటారు. లోపలికి వెళ్ళే ముందు ప్రతిసారీ బ్యాగు తెరిచి చూపించాలి. టీచర్ ఓర్లీ గారు మొదటి రోజు నన్ను ఏదైనా వచ్చా అని అడిగితే, పొద్దున చేసే ప్రార్థన గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను. ఆవిడ నోరు తెరిచి వింది. తర్వాత హీబ్రూలో మంచినీళ్ళు కావాలని అడగమంది. నాకు రాలేదు. "నువ్వు దేవుడితో మాట్లాడగలవు, బస్సు డ్రైవరుతో మాట్లాడలేవు" అని నవ్వింది. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. రోజూ రైల్లో ఫోన్ మీద హీబ్రూ అక్షరాలు దిద్దుకునేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్ళు ఫోన్ వంక చూసి కొద్దిగా జరిగేవాళ్ళు. ఈ మధ్య ఈ ఊళ్ళో యూదుల మీద జరిగిన దాడులు మీరూ వార్తల్లో చూసే ఉంటారు, వాళ్ళ భయం వాళ్ళది.

నాన్న రోజు దగ్గరికొచ్చాక ఓర్లీ గారిని అడిగాను. ఒక చిన్న సినగాగు ఉంది, అక్కడ మామూలు రోజుల్లో పొద్దున పది మంది దొరకడమే గగనం, నువ్వు వెళితే కళ్ళకద్దుకుంటారు అని చెప్పింది. ఆ మాట నాకు చాలా నచ్చింది. రెండు రోజులు దాన్నే తలుచుకున్నాను.

యూదుల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కనుక బుధవారం సాయంత్రమే దీపం పెట్టాలి. ఇరవై నాలుగు గంటలు వెలిగే కొవ్వొత్తి సూపర్ మార్కెట్లోనే దొరికింది. గదిలో పెడితే స్మోక్ అలారం మోగుతుందని అంకుల్ భయపడ్డాడు. ఆంటీ మాత్రం తేదీ ఎలా లెక్కేస్తారని అడిగింది. మాకు వేరే క్యాలెండర్ ఉంది, చంద్రుణ్ణి బట్టి అన్నాను.

"ఓహో, తిథి ప్రకారమన్నమాట. మా ఆబ్దికాల్లాగే." ఆవిడ ఒక స్టీలు పళ్ళెం తెచ్చి కిచెన్ సింక్ పక్కన పెట్టింది. "ఇక్కడ పెట్టుకో నాన్నా. రేపు అక్కడికి ఎంప్టీ హ్యాండ్స్‌తో ఏం వెళ్తావ్, లడ్డూలు చేశా, పట్టుకెళ్ళు."

గురువారం ఐదింటికి బయల్దేరాను. ఆగస్టు చలి, ఇంకా చీకటి. టూంగాబీ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద మెరిసే పసుపు రంగు హై విజ్ చొక్కాలు వేసుకున్న పనివాళ్ళు, అందరి చేతుల్లో కాఫీ కప్పులు. సెంట్రల్ దాకా ముప్పావు గంట పైన, అక్కడ రైలు మారి బోండై జంక్షన్‌కు పావుగంట, ఆపైన బస్సు. రద్దీ వేళ కాకపోయినా కార్డు గీస్తే ఏడెనిమిది డాలర్లు పోతుంది. బస్సు దిగుతూ డ్రైవరును దారి అడిగితే, గేటు బయట గార్డు ఉంటాడు, అదే గుర్తు అన్నాడు.

గార్డు నా బ్యాగు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, లడ్డూల డబ్బా మూత తీయించి చూశాడు. ఎక్కడి నుంచి అన్నాడు. ఇండియా అన్నాను. యూదుడివా అన్నాడు. అవునన్నాను. అతను నన్ను పైనుంచి కిందికి చూసి లోపలికి ఫోన్ చేశాడు. తప్పు పట్టను, అతని ఉద్యోగం అది. కాసేపటికి రబ్బీ, అంటే అక్కడి మతగురువు, బయటికి వచ్చాడు. నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడేమో, ఎర్ర గడ్డం, నిద్ర చాలని కళ్ళు. రమ్మని తనే తలుపు పట్టుకున్నాడు.

లోపల హీటరు పనిచేయడం లేదు. ఎనిమిది మంది ఉన్నారు. ఎడమ చేతికి తోలు పట్టీలు చుట్టుకుంటున్నారు. రబ్బీతో కలిపి తొమ్మిది. వాళ్ళలో ఎనభై దాటిన జోసెఫ్ అనే పెద్దాయన నన్ను చూడగానే వేలు పైకెత్తి, "పది. దేవుడు పంపాడు" అన్నాడు. ఆయన భార్య పోయి మూడు వారాలైంది. ఆమె కోసం నెల నిండేదాకా రోజూ కద్దిష్ చెప్పాలని వస్తాడు. నిన్న తొమ్మిది మందే వచ్చారట, మొన్నా అంతే. రెండు రోజులుగా చెప్పకుండానే ఇంటికి వెళ్ళాడు. నాన్న కోసం వచ్చాను, ఈయనకూ పనికొస్తున్నాను కదా అనుకున్నాను.

రబ్బీ నన్ను పక్కకు పిలిచాడు. హీబ్రూ పేరు అడిగాడు. ఇస్సాకు కొడుకు దావీదు అన్నాను. అమ్మ వైపు వాళ్ళెవరు అన్నాడు. వాళ్ళూ మావాళ్ళే అన్నాను. ఎన్ని తరాల నుంచి ఇలా ఉన్నారు, మీవాళ్ళను ఏ రబ్బీల సభ అయినా ఒప్పుకుందా, కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. గొంతులో కటువు లేదు. స్కోఫీల్డ్స్ ఆయన గొంతులోనూ లేదు. నాకు తెలిసినదంతా చెప్పాను. చెబుతుంటేనే అర్థమైంది, అది చాలదని.

"నువ్వు ఉండు. మాతో కూర్చో, ప్రార్థన చెయ్యి" అన్నాడు. "కానీ నిన్ను లెక్కలో కలపలేను. నిన్ను తక్కువ చేయడం కాదు. నియమం నా చేతిలో లేదు."

మా చేతుల్లో ఏముంది, కట్టుబాటు అలా ఉంది అనే మాట మా పేటవాళ్ళకు కొత్త కాదు. చిన్నప్పటి నుంచి రకరకాల గుమ్మాల దగ్గర వింటూనే ఉన్నాం. ఇక్కడ మాత్రం వినాల్సి వస్తుందని అనుకోలేదు. బయటికి వెళ్ళిపోదామనుకున్నాను. నాన్న గుర్తొచ్చి కూర్చున్నాను.

జోసెఫ్ గారికి విషయం తెలిసింది. "కలుపు. ఎవడొచ్చి చూస్తాడు?" అన్నారు రబ్బీతో.

"జో, ప్లీజ్."

"ఈ అబ్బాయి ఊపిరి పీల్చడం లేదా? నేను ఇంటికెళ్ళి మిరియం ఫొటోకు ఏం చెప్పాలి, ఇవాళ కూడా మనిషి తక్కువయ్యాడనా?"

రబ్బీ జేబులోంచి ఫోన్ తీశాడు. మూలకు వెళ్ళి ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ప్రార్థన నడిచింది, కద్దిష్ చోటు రాగానే ఆగింది. నాకు తెలిసిన మాటలే, వేరే రాగంలో. ఏడున్నరకు ఆఫీసుకు వెళ్ళాల్సినవాళ్ళు గడియారం చూసుకుంటున్నారు. తొమ్మిది మంది మగవాళ్ళు, నేను, చల్లటి గది. అందరం తలుపు వంక చూస్తున్నాం. ఆ నిమిషాల్లో నేను ఎవరినీ క్షమించలేదు, రబ్బీని, నాన్నను కూడా. అసలైన వాళ్ళు అని ఆయన ఎందుకన్నాడు? మన రేకుల గదిలో కూర్చున్న పాతిక మందీ ఎవరనుకున్నాడు?

చివరికి వీధిలో ఒక ట్రక్కు ఆగింది. ప్లంబరు డేనీ, హై విజ్ చొక్కా, బూట్ల నిండా మట్టి. "టెన్ మినిట్స్, రబ్బీ. సైట్‌లో నాకోసం వెయిట్ చేస్తున్నారు" అంటూ నా పక్కన కూలబడ్డాడు. పుస్తకం ఎడమ వైపు నుంచి తెరిచాడు. హీబ్రూ పుస్తకం కుడి నుంచి మొదలవుతుంది, నేను తిప్పి ఇచ్చాను.

"థాంక్స్ మేట్. ఏ పేజీ?"

పేజీ తీసి వేలు పెట్టి చూపించాను.

"నాకిదేం రాదు" అన్నాడు నెమ్మదిగా. "ఊరికే నంబర్ కోసం పిలుస్తారు. నీకు వచ్చా?"

"వచ్చు."

"గుడ్ ఆన్ యా" అన్నాడు, శభాష్ అన్నట్టు. పాపం, మనస్ఫూర్తిగానే అన్నాడు.

రబ్బీ నా వైపు తిరిగి, ఇప్పుడు పది మంది ఉన్నారు, నువ్వు కూడా జోతో కలిసి చెప్పవచ్చు అన్నాడు. లేచి నిలబడ్డాను. జోసెఫ్ గారు నా మోచెయ్యి పట్టుకున్నారు, ఆసరాకో, వదలకుండా ఉండటానికో తెలియదు. ఆయన గొంతు వణుకుతోంది, నాది నాన్న రాగంలో ఆయన కంటే ఒక అడుగు ముందు పరుగెడుతోంది. ఇది అసలు హీబ్రూయే కాదు, అరమాయిక్ అనే మరో పాత భాష అని ఓర్లీ గారు చెప్పింది. నాన్నకు ఆ సంగతి కూడా తెలియదు. పుస్తకం చూడకుండా చివరిదాకా చెప్పాను. పది మందీ ఆమేన్ అన్నారు. డేనీ అందరికంటే గట్టిగా అన్నాడు. నాన్న అడిగింది అడిగినట్టే జరిగింది. నా ఒంట్లో మాత్రం ఏమీ మిగల్లేదు.

తర్వాత లడ్డూలు తీస్తే రబ్బీ ఇబ్బందిపడుతూ, బయటి ఇంట్లో వండినవి ఇక్కడ తినకూడదన్నాడు. డబ్బా మూత పెట్టేశాను. జోసెఫ్ గారు నాతో పాటు బస్టాపు దాకా నడిచారు. బెంచీ మీద కూర్చుని చెయ్యి చాచారు. "ఇక్కడ ఏ కమిటీ లేదు, ఇలా తే." ఒక లడ్డూ మొత్తం తిన్నారు. రెండోది రుమాల్లో చుట్టుకున్నారు. రేపు వస్తావా అని అడిగారు. నేను వచ్చినా లెక్క తొమ్మిదేగా అన్నాను. ఆయన తలూపి, వచ్చిన బస్సు ఎక్కేశారు.

మధ్యాహ్నం యూనిలో లెక్చర్ అయ్యాక అమ్మకు ఫోన్ చేశాను. అక్కడ పొద్దున, కూలికి వెళ్ళే ముందు.

"చెప్పావా అయ్యా?"

"చెప్పానమ్మా."

"పది మంది ఉన్నారా?"

"ఉన్నారు. అందరూ ఆమేన్ అన్నారు."

ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఏడుస్తోందనుకున్నాను. తర్వాత అడిగింది. "నీతో కలిపేనా?"

"నాతో కలిపే" అన్నాను.

హీబ్రూ క్లాసుకు ఇప్పటికీ వెళుతున్నాను. మంచినీళ్ళు అడగడం వచ్చింది, దారి అడగడం వచ్చింది. ఒకటి రెండేళ్ళు చదివి, పరీక్షకు నిలబడి, పద్ధతి ప్రకారం మతంలో చేరే మార్గం ఉందని రబ్బీ మెయిల్ రాశాడు. మంచి మాటలతోనే రాశాడు. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఇంట్లోకి దరఖాస్తు పెట్టుకుని రావడమెలాగో నాకింకా అర్థం కాలేదు, జవాబు ఇవ్వలేదు. జోసెఫ్ గారి నెల పూర్తయ్యేదాకా పది మంది దొరికారో లేదో తెలియదు. నాన్న మీద కోపం తగ్గింది. ఆయన అడిగింది ఆమేనే కదా. ఆమేన్ అయితే వచ్చింది.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద వెళ్ళదలిస్తే నా సలహా ఒక్కటే. పాస్‌పోర్టు పెట్టుకోండి, ముందురోజే ఫోన్ చేయండి. ప్రార్థన ఎన్నింటికని కాదు, నన్ను లెక్కలో కలుపుకుంటారా అని అడగండి. కలుపుకోం అంటే వెళ్ళాలో మానాలో మీ ఇష్టం. వెళితే మాత్రం ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్ళండి.