రెండు కిలోల చోటు

డైవింగ్ బడిలో ఆవిడను అందరూ టేపత్తయ్య అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్ళు లేరు; చూశామన్నవాళ్ళ మాట నమ్మదగ్గది కాదు. ఓడరేవు వెనక వీధిలో, సిలిండర్లు నింపే గదికీ బట్టలు మార్చుకునే గదికీ మధ్య ఇరుక్కున్న చిన్న గది ఆవిడ సామ్రాజ్యం. ఒక కుట్టుమిషను, ఒక జిగురు డబ్బా, గోడ పొడవునా తలలు లేకుండా వేలాడే నల్లటి రబ్బరు సూట్లు. పదకొండేళ్ళుగా ఆ సూట్ల మోకాళ్ళకు అతుకులు వేస్తూ, సీసం దిమ్మలు తగిలించుకునే నడుం పట్టీలు కుడుతూ ఆవిడ నిరాటంకంగా పరిపాలిస్తోంది. నీళ్ళతో పరిచయం మాత్రం స్నానాల చెంబు దాటి ఎదగలేదు.

"ఒక్కసారైనా నీళ్ళలో దిగొచ్చు కదా అత్తయ్యా?" అని ఎవరైనా అంటే, "పోలీసుకి యూనిఫారం కుట్టిన దర్జీ వెళ్ళి దొంగల్ని పట్టుకుంటున్నాడా?" అని అడిగేది.

రబ్బరు సూటు మనిషిని బెండు ముక్కలా పైకి తేలుస్తుంది. దాన్ని అణచడానికి డైవర్లు సీసం మోస్తారు. ఎంత మొయ్యాలన్న విషయంలో ఆ బడిది ఏకవాక్య శాస్త్రం: తేలితే ఇంకో కిలో. ఎక్కడ మొయ్యాలన్న సందేహం ఎవరికీ కలగలేదు. నడుం ఉన్నదే అందుకని అందరి నమ్మకం.

ఈ శాస్త్రానికి బలైనది ఎవరో కాదు, టేపత్తయ్య కోడలే. నాలుగేళ్ళు అక్కడే సిలిండర్లు నింపి, ఓడల అడుగులు తనిఖీ చేసే డైవరు కావాలని పట్టుబట్టింది. ఈతలో చేప. వచ్చిన చిక్కల్లా బురద పరీక్షతోనే. బడిలో లోతైన తొట్టి ఒకటుంది; దాని అడుగున మెత్తటి బంకమట్టి పరుస్తారు. అభ్యర్థి ఆ మట్టికి మూరెడు ఎత్తున, నేలకు సమాంతరంగా, పది నిమిషాలు నిలకడగా ఉండాలి. కాలు తగిలి మట్టి లేచిందా, ఫెయిలు. ఓడ కింద బురద రేపినవాడికి ఓడా కనపడదు, వాడి చెయ్యీ కనపడదు కాబట్టి పరీక్షలో అన్యాయమేమీ లేదు. అవకాశాలు మూడు. మూడూ పోతే ఆ ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే.

కోడలు రెండుసార్లు మట్టి రేపింది. డైవింగ్ నేర్పే మాస్టారు మొదటిసారి ఆరు కిలోలను ఏడు చేశాడు, రెండోసారి ఎనిమిది చేశాడు. ఆ తర్వాత ఆయన బుర్రలో ఇంకో ఆలోచన మెరిసింది.

"సూటు కాళ్ళ దగ్గర బిగువు తప్పిందేమోనమ్మా. కుట్టడంలో ఏదో..." అని టేపత్తయ్య గది గుమ్మంలో నిలబడి వాక్యాన్ని మర్యాదగా మధ్యలో వదిలేశాడు.

గదిలో మిషను ఆగిపోయింది. ఆవిడ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది. ఆ దృశ్యం చూసినవాడు మాస్టారొక్కడే కాబట్టి పైన చెప్పిన మాటకు భంగం లేదు.

"నా కుట్టా?" అందావిడ.

ఆ సాయంత్రమే, పదకొండేళ్ళలో మొదటిసారి, తొట్టి గోడకున్న అద్దం కిటికీకి ముక్కు ఆనించి లోపలికి చూసింది. కోడలు పడుకోవాలని శతవిధాల ప్రయత్నిస్తోంది. ఎనిమిది కిలోల సీసం నడుమును కిందికి లాగుతోంది. మునిగిపోకుండా ఆ పిల్ల, సూటు మీద తొడుక్కున్న తేలుడు జాకెట్టులోకి సిలిండరు గాలి కొట్టుకుంటోంది. ఆ గాలి ఛాతీని పైకి లాగుతోంది. కాళ్ళు పాపం ఏ పక్షమూ లేక వేలాడుతున్నాయి.

తల తుడుచుకుంటూ పైకి వచ్చిన కోడలితో, "నీళ్ళలో నువ్వెలా ఉన్నావో తెలుసా?" అంది.

"ఎలా ఉన్నాను అత్తయ్యా?"

"బస్సు కోసం నిలబడ్డట్టున్నావు."

"నవ్వకండి. వచ్చే వారం కూడా పోతే ఇక జన్మంతా సిలిండర్లే." అంటూ ఆ పిల్ల తువ్వాలుతో ముఖం కప్పుకుంది.

అత్తయ్య నవ్వడం మానేసింది. ఈ బడికి రాకముందు ఆవిడ పన్నెండేళ్ళు కర్టెన్ల దుకాణంలో పనిచేసింది. కర్టెన్ నిటారుగా వేలాడాలని అంచు మడతలో చిన్న సీసం గుళ్ళు వేసి కుడతారు. కర్టెన్ ఒక పక్కకు ఒరిగితే కొత్త దర్జీ ఇంకో గుండు వేస్తాడు. అది ఇంకా లాగుతుంది. వాడు ఇంకోటి వేస్తాడు. చివరికి కర్టెన్‌రాడ్డు ఊడి యజమాని నెత్తిన పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళు గుండు కలపరు, ఉన్నదాన్నే జరుపుతారు.

"ముందు ఆ రెండు కిలోలూ తీసెయ్. నీకు ఆరు చాలు. తూకం కాదే నీ జబ్బు, చోటు."

మర్నాడు సిలిండరు మెడ దగ్గర, భుజాల ఎత్తున, దాన్ని వీపుకు పట్టి ఉంచే పట్టీకి ఒక సంచి కుట్టింది. ఉత్సాహం కొద్దీ ఆరింట్లో నాలుగు కిలోలు తీసి అందులో వేసింది. కోడలు తల కిందికీ కాళ్ళు పైకీ పెట్టి, బాణంలా వెళ్ళి బంకమట్టిలో మోచేతుల దాకా దిగబడింది. ముఖం నిండా మట్టితో పైకొచ్చి, "అత్తయ్యా, నామీద కోపమేమైనా ఉంటే ఇంట్లోనే చెప్పండి," అంది.

"కొలత దొరికింది. సగం తీస్తే సరి," అంది అత్తయ్య గంభీరంగా.

సగం తీసి నడుముకు మార్చింది. నడుముకు నాలుగు, భుజాల దగ్గర రెండు. ఈసారి కిటికీలోంచి చూస్తే, ఇస్త్రీ చేసి పరిచిన చొక్కాలా ఉంది కోడలు. జాకెట్టులో గాలి ఉందో లేదో అన్నట్టుంది. ఈ ప్రయోగాలు సాగిన మూడు సాయంత్రాలూ ఇంట్లో వంట ఎవరు చేశారో తెలీదు. టేపత్తయ్య కొడుకు మాత్రం కొంచెం చిక్కాడు.

పరీక్ష రోజు వచ్చిన ఇన్‌స్పెక్టరు నవ్వుకు కూడా దరఖాస్తు పెట్టుకోవలసిన మనిషి. వీపు మీది సంచిని వేలితో తట్టాడు.

"ఇదేంటి?"

"రెండు కిలోలు సార్," అన్నాడు మాస్టారు, తనకు సంబంధం లేనట్టు.

"చెయ్యందని చోట బరువు పెడితే, ఆపద వచ్చినప్పుడు ఎలా విప్పి పారేస్తుంది? ఇలాగైతే దిగనివ్వను."

కోడలి మూడో అవకాశం నీళ్ళు తగలకుండానే పోయేలా ఉంది. అత్తయ్య టేపు సర్దుకుని ముందుకొచ్చింది.

"పారెయ్యాల్సింది నడుముకే ఉంచానండీ. నాలుగు కిలోలు, కుడిచేత్తో ఒక్క లాగు. అవి పోతే వీపు మీద రెండున్నా పిల్ల పైకొచ్చేస్తుంది. నా మాట నమ్మకండి. అడుగుకి పంపించి చూడండి."

ఇన్‌స్పెక్టరు ఆవిడను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. "మీరు డైవరా?"

"దర్జీనండీ."

ఆయన చెయ్యి ఊపాడు. కోడలు అడుగుకు వెళ్ళి పట్టీ విప్పింది. దిమ్మలు దబ్బున మట్టిలో పడ్డాయి. మనిషి మెల్లగా, సజావుగా పైకొచ్చింది. మట్టి పేరుకునేదాకా గంటసేపు ఆగి, పట్టీ మళ్ళీ కట్టి అసలు పరీక్ష మొదలుపెట్టారు.

పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ అత్తయ్య కిటికీ దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది. లోపలున్న పిల్ల మాత్రం హాయిగా పీల్చి వదులుతోంది. మట్టి మీద కణం కదలలేదు. ఇన్‌స్పెక్టరు గడియారం చూశాడు, కాగితం మీద సంతకం పెట్టాడు, వెళ్ళబోతూ ఆగాడు.

"నేను పద్దెనిమిదేళ్ళుగా నడుముకే తొమ్మిది కిలోలు కడుతున్నాను. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కాస్త చూస్తారా?"

"చేతులెత్తి నిలబడండి," అని ఆవిడ టేపు విప్పింది. ఇన్‌స్పెక్టరు బుద్ధిగా చేతులెత్తాడు. పక్కనున్న మాస్టారు కూడా ఎందుకో ఎత్తాడు.

ఆ సాయంత్రం అత్తాకోడళ్ళు బస్సులో ఇంటికి వెళ్తున్నారు. సంతకమైన పరీక్ష కాగితాన్ని కోడలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. అత్తయ్యకు మాత్రం కడుపుబ్బరంగా ఉంది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఆ రాత్రి గడిచేలా లేదు. పక్కసీటులో కూరగాయల సంచితో ఉన్నావిడ వైపు తిరిగింది.

"మా కోడలు ఇవాళ పది నిమిషాలు కదలకుండా పడుకుందండీ."

ఆవిడ నిద్రపోతున్న కోడలిని చూసింది. "మాదీ అంతేనండీ. దానికి పది గంటలైనా చాలవు."

టేపత్తయ్య నొచ్చుకోలేదు. కోడలి తల అద్దానికి కొట్టుకోకుండా తన భుజం మీదికి లాక్కుని, గొంతు సవరించుకుని, దిగేలోపు ఇంకా పదహారు స్టాపులున్నాయని లెక్క చూసుకుని, "అసలు సీసం ఎందుకు మోస్తారో తెలుసా మీకు?" అని మొదలుపెట్టింది.