కుంకుమంటిన షిఫ్ట్ కీ

మీ పుట్టిన తేదీ అడిగిన తెర దాన్ని చదివిందని మీకెవరు చెప్పారు? నా బల్ల సొరుగులో పాత కీబోర్డు నుంచి ఊడదీసిన షిఫ్ట్ కీ ఒకటి ఉంది. దాని అంచుల్లో కుంకుమ గట్టిపడిపోయింది. ముసురు రోజుల్లో సొరుగు లాగితే కర్పూరం కలిసిన ఒక పాత వాసన వస్తుంది, వచ్చినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది.

ఏడో తరగతికి నన్ను బందరులో ప్రకాశం మావయ్య ఇంట్లో ఉంచారు. ఆయన మాకు చుట్టం కాదు, నాన్నతో చదువుకున్న స్నేహితుడు. ఇంటి ముందు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని ప్రోగ్రాములు రాయడం నేర్పేవాడు, పాడైనవి బాగుచేసేవాడు. ఆషాఢపు చినుకుల్లో చెప్పులు బయట విడిచి, నేరేడు పళ్లు తిని ఊదారంగు తిరిగిన నాలుకలు ఒకరికొకరం చూపించుకుంటూ నేర్చుకునే పిల్లలం ఆ గదిలోకి వెళ్తుంటే, వెనక వంటింట్లో అత్తయ్య వేయించే చేపల వాసనా, పక్క చర్చిలో శనివారం పూట పాటలు సాధన చేసేవాళ్ల గొంతులూ మాతోపాటే లోపలికి వచ్చేవి.

అక్కడ నాకు దొరికిన ఆట అష్టాచెమ్మా కంటే గొప్పది. తెర మీద కనిపించే ప్రతి కిటికీకీ, అందులోని ప్రతి గడికీ, ప్రతి బటనుకీ చీటీలు వెళ్తుంటాయని మావయ్య చెప్పేవాడు. ప్రోగ్రాములు రాసేవాళ్లు వాటిని మెసేజ్‌లంటారు. కీ నొక్కితే ఒక చీటీ, మౌస్ నొక్కితే ఒక చీటీ. ప్రోగ్రాము వాటిని వరసగా అందుకుని, కావలసినవాటికి బదులిచ్చి, అక్కర్లేనివి సిస్టమ్‌కి వదిలేస్తుంది. ఏ చీటీ ఎవరికి వెళ్తోందో వరుసగా చూపించే చిన్న ప్రోగ్రాము కూడా ఆయన దగ్గర ఉండేది, గంటలకొద్దీ దాన్ని చూస్తూ కూర్చునేదాన్ని. "తెర ఏం చెప్పిందో కాదే, లోపల ఎవరు ఎవర్ని అడిగారో చూడు," అనేవాడు.

నేను బందరు వెళ్లడానికి ముందు వేసవిలో నాన్న అక్కనీ నన్నూ మోపిదేవి తీసుకెళ్లాడు. దర్శనమయ్యాక బస్సుల దగ్గర ఒక దుకాణంలో కంప్యూటర్ జాతకం చెప్తున్నారంటే వెళ్లాం. అక్కకి గుడివాడలో పాలిటెక్నిక్ సీటు వస్తుందేమో, పిల్లని దూరం పంపాలంటే భయంగా ఉందని నాన్న ఆ దుకాణం ఆయనతో చెప్పాడు. ఆయన మా చేతుల్లో కుంకుమ పెట్టి, అదే చేత్తో తేదీలు కొట్టాడు. నాకు అంతా శుభం. అక్కకి పద్దెనిమిదేళ్లు నిండేవరకూ జలగండం, నీళ్లు దాటించవద్దు. మాది దీవి. ఎటు కదిలినా కృష్ణ పాయ దాటాల్సిందే. ఉప్పెన చూసిన ఊరికి ఆ మాట ఎలా తగులుతుందో దుకాణం ఆయనకి తెలియదని నేననుకోను.

పంచాంగం చూసి చెప్పేవాళ్లని ఎగతాళి చేసే నాన్న ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మనిషి అబద్ధమాడతాడు గాని మిషను ఆడదమ్మా," అన్నాడు. సీటు వచ్చింది. సోమవారంలోగా చేరాలి. అక్క వారం రోజులు నాన్నతో మాట్లాడలేదట. సీటు వదిలేస్తున్నామని చెప్పడానికి శనివారం మధ్యాహ్నం నాన్న బందరు వచ్చాడు. మావయ్య ఆయన్ని తిడుతుండగానే, ఆ దుకాణం ఆయన కంప్యూటర్ పెట్టె, కీబోర్డు గోనెలో చుట్టుకుని రిక్షా దిగాడు. ఎప్పుడు పాడైనా ఆయన తెచ్చేది మావయ్య దగ్గరికే.

"వైరస్సేమోనండీ. అంకెలు నొక్కితే పిచ్చి గుర్తులు పడతన్నాయి. పైగా పొద్దుణ్ణుంచీ అందరికీ గండమే వస్తంది," అన్నాడు.

మావయ్య ఆ పెట్టెని తన తెరకి కలిపి చూశాడు. తేదీ గడిలో అంకెలకి బదులు ఆశ్చర్యార్థకాలూ చుక్కగుర్తులూ పడ్డాయి. అయినా బటన్ నొక్కగానే గండం వచ్చింది. మావయ్య నావైపు చూశాడు. నేను చీటీల ప్రోగ్రాము ఆ పెట్టెలోకి ఎక్కించి తెరిచాను. మావయ్య బటన్ మళ్లీ నొక్కాడు. బటనుకి మౌస్ చీటీ వెళ్లింది, షిఫ్ట్ నొక్కి ఉందని దాంట్లోనే రాసి ఉంది. తేదీ గడికి మాత్రం, నీలో ఏముందని అడిగే చీటీ ఒక్కటీ వెళ్లలేదు.

"ఈ గడిని ఎవరూ ఏమీ అడగలేదు నాన్నా," అన్నాను.

మావయ్య స్క్రూడ్రైవరుతో ఎడమ షిఫ్ట్ కీ పైకి లేపాడు. కింద కుంకుమ పేరుకుని కీ దిగబడిపోయి ఉంది. అది ఊడాక, నాన్న మా గేదె ఈనిన రోజు తేదీగా కొట్టాడు. అంతా శుభం.

"షిఫ్ట్ నొక్కి ఉంచితే గండం, లేకపోతే శుభం," అన్నాడు మావయ్య.

"మా అమ్మాయికి కావాలనే షిఫ్ట్ నొక్కావా?" అని నాన్న దుకాణం ఆయన్ని అడిగాడు.

"మీరే కదండీ భయంగా ఉందన్నారు. జాగ్రత్త చెప్పాను," అన్నాడాయన, తువ్వాలుతో వేళ్లు తుడుచుకుంటూ.

నాన్న మావయ్య వైపు తిరిగాడు. "ప్రకాశం, సోమవారం గుడివాడకి మొదటి బస్సెన్నింటికి?" అన్నాడు.

అక్క చేరింది, చదివింది. కానీ నాన్న ఊళ్లో నిజం చెప్పలేదు, శాంతి చేయించామన్నాడు. మోసపోయానని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. నేనూ నోరు విప్పలేదు. దుకాణం ఆయన కొత్త కీ వేయించుకుని వెళ్లి మళ్లీ తెరిచాడు. ఆ ఏడాది మా వీధిలోవాళ్లే ముగ్గురు అక్కణ్ణుంచి గండాలు తెచ్చుకున్నారు. అందులో మా ఇద్దరి మౌనం కూడా ఉంది.

ఇప్పుడు మావయ్య గది లేదు, ఆ చీటీల ఆటా లేదు. జాతకం, సంబంధం, అప్పుకి అర్హత, అన్నీ ఫోనులోనే చెప్తున్నారు. లోపల ఎవరు ఎవర్ని అడిగారో చూద్దామంటే, ఆ లోపల ఎక్కడో మనకి కనపడనంత దూరంలో ఉంది. అయినా నాన్న చేసిన పని ఇవాళా చెయ్యొచ్చు. మీ ఇంట్లో ఎవరి చదువైనా, ప్రయాణమైనా తెర మాట విని ఆపబోయే ముందు, అదే తెరకి మీ గేదె ఈనిన తేదీ ఇచ్చి చూడండి. జవాబు మారకపోతే, నాన్నలా ఇంటికొచ్చి ఊరుకోకండి. వీధిలో చెప్పండి.