నేను కనిపెట్టిన చీకటి పేలుడు

కరీంనగర్‌లో ఫిజిక్స్ పాఠాలు చెప్పే రోజుల్లో నా దగ్గర ఒకే ఒక్క పరిశోధక విద్యార్థిని ఉండేది. మరమగ్గాల ఇంటి పిల్ల. ఎక్కడో ఒక పెద్ద నక్షత్రం చచ్చిపోతూ గామా కిరణాలు చిమ్ముతుంది. ఆ పేలుడు నిమిషంలో అయిపోయినా దాని వెనక కాస్త వెలుగు మిగులుతుంది. ఆ మిగులు వెలుగును ఎక్స్‌రేలో, మామూలు కాంతిలో, రేడియోలో పట్టుకోవడం ఆమె పని. ఎక్స్‌రే సంగతి ఉపగ్రహమే చూసుకుంటుంది. మామూలు కాంతి ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. రేడియో మాత్రం తీరిగ్గా వారం తర్వాత లేస్తుంది. మూడూ దొరికిన పేలుడు ఒక్కటుంటే ఆమె థీసిస్‌లో చివరి అధ్యాయం పూర్తవుతుంది. రెండేళ్లుగా సరైనది రాలేదు. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువేమో ఆ ఏడాదితో సరి.

అలాంటి పేలుడు వచ్చిన రోజు నేను ఉట్నూర్‌లో ఉన్నాను. బడి పిల్లలకు ఆకాశం మీద ఉపన్యాసం దంచి, జీపులో తిరిగి వస్తుంటే ఫోన్ మోగింది.

"సార్, మంచిది వచ్చింది! హిమాలయాల టెలిస్కోపుకు అర్జీ నేను పెట్టాల్నా?"

"నువ్వాగు, నేను పెడత" అన్నాను. అర్జీ పెట్టే పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉంది, ఆమెకు చెప్పేస్తే సరిపోయేది. చెప్పేస్తే నా పెద్దరికం ఏం కావాలి?

నా హడావుడి చూసి జీపు డ్రైవర్ అడిగాడు. "ఏమైంది సార్, గంత పరేషాన్ల ఉన్నరు? ఎవరన్న పోయిండ్రా?"

"ఒక చుక్క పోయింది."

"ఎప్పుడు?"

"కోట్ల ఏండ్ల కింద."

"మరి గిప్పుడు ఉరుకుడెందుకు సార్? దినాలు గూడ అయిపోయి ఉంటయి గద!"

సిగ్నల్ పోతుందన్న భయంతో ఆ కుదుపుల్లోనే అర్జీ నింపాను. ఆకాశంలో తూర్పు పడమరల కొలతను డిగ్రీల్లోనూ చెప్తారు, గంటల్లోనూ చెప్తారు. పదిహేను డిగ్రీలు ఒక గంట. ఉపగ్రహం ఇరవై రెండు డిగ్రీలని పంపింది. ఫారం గంటలు అడిగింది. ఒకటిన్నరకు కాస్త తక్కువ రాయాల్సిన చోట నేను ఇరవై రెండే కొట్టాను. ఇరవై నాలుగు దాటిన అంకె అయితే ఆ ఫారమే ఛీ కొట్టేది. ఇదే తప్పు ఫస్టియర్ పిల్లలు చేస్తే డస్టర్ విసిరే మనిషిని నేను.

మర్నాడు ఫొటోలు వచ్చాయి. పేలుడు ఉండాల్సిన చోట ఏమీ లేదు. అనుమానం రావాలా వద్దా? నేను ఎగిరి గంతేశాను! మామూలు కాంతిలో కనబడని పేలుళ్లు అరుదుగా ఉంటాయి, వాటిని చీకటి పేలుళ్లంటారు. ఇది అదేనని తీర్మానించి, మొదటి పేరు నాదే పెట్టుకుని, ప్రపంచంలో ఈ పని చేసే వాళ్లందరికీ సందేశం పంపాను. స్టాఫ్‌రూమ్‌లో జిలేబీ కూడా పంచాను.

మూడో రోజు ఆమె ఒక ఫొటో, ఒక నక్షత్ర పటం పట్టుకుని నా గదికి వచ్చింది.

"సార్, జర కోపం చేసుకోకుండ్రి. గీ ఫొటోల ఉన్న చుక్కలు మన జాగవి కావు సార్."

"కాకపోతే ఎవరి జాగవి?" అని గయ్యిమన్నాను.

ఆమె నా అర్జీ కాపీ ముందు పెట్టింది. గంటల గడిలో నా ఇరవై రెండు డిగ్రీలు దర్జాగా కూర్చుని ఉన్నాయి. అప్పటికే ఆ వెలుగు ఆరిపోయింది. వేరే దేశాల వాళ్లు దాన్ని భేషుగ్గా కొలుచుకున్నారు కూడా. చీకటంతా నా బుర్రలోనే ఉంది. నా తప్పు మన్నించమని ఆ సాయంత్రమే అందరికీ సందేశం పంపాను.

రేడియో అర్జీ మాత్రం అంతకుముందే, జిలేబీ పంచిన రోజునే, ఆమే నింపింది. నేను చదవకుండా సంతకం పెట్టాను. చదివి ఉంటే నా అంకెకు తగ్గట్టు దిద్ది దాన్ని కూడా బుగ్గి చేసేవాణ్ణి. గైడుగా నేను ఆమెకు చేసిన మేలు అదొక్కటే. వారానికి రేడియోలో వెలుగు లేచింది. ఇంకో పేలుడు కోసం ఆగే గడువు లేక, మామూలు కాంతిని చూపాల్సిన మధ్య గ్రాఫు ఖాళీగానే ఉంచి థీసిస్ ఇచ్చింది.

వైవాలో పరీక్షకుడు ఆ ఖాళీ మీదే వేలు పెట్టాడు. "అప్పుడు చూడలేకపోయినం సార్" అంది ఆమె. నేను అందుకుని, ఆ ఘనకార్యం చేసిన మహానుభావుడు నేనేనని కథంతా రసవత్తరంగా చెప్పాను. అందరూ పగలబడి నవ్వారు. డాక్టరేటు వచ్చింది.

బయట వరండాలో ఆమె అంది, "అందరు నవ్విండ్రు సార్. నాకే నవ్వు రాలే. గది నేను రెండేండ్లు ఎదురుచూసిన వెలుగు."

మన్నించమని ప్రపంచమంతటికీ రాశాను గానీ, ఆమెను ఒక్కసారి కూడా అడగలేదని నాకు అప్పుడు తట్టింది.