అమ్మ పెంచిన వస

వనపర్తిలో మా ఇంట్లో ఏ పెళ్లికో పేరంటానికో పట్టుచీర బయటికి తీసినప్పుడల్లా, పురుగు పట్టకుండా మడతల్లో పెట్టుకున్న వసకొమ్ము వాసన ఘాటుగా తగులుతుంది. మా ఆయన ముక్కు మూసుకుంటాడు, నేను మాత్రం చీర సంగతి మరిచి గద్వాలలో మా పుట్టింటి మగ్గాల వీధికి, ఆ పెరట్లో నీళ్ల గోలెం పక్కన ఎప్పుడూ బురదగా ఉండే జానెడు నేలకు వెళ్లిపోతాను.

ఆ నేల అమ్మది. శ్రీరంగాపూర్‌లోని అమ్మమ్మ ఇంటి నుంచి తడిగుడ్డలో చుట్టి తెచ్చిన వస వేరు ముక్కను, మొలక వచ్చే కన్ను పైకి ఉండేటట్టు బురదలో అడ్డంగా పడుకోబెట్టి, పిడికెడు మట్టి కప్పింది. లోతుగా పాతితే కుళ్లుతుందట. ఉగాదికి భక్ష్యాలు కాల్చేనాటికి ఆకుల కొసలు ఎండి, నడివేసవిలో మొక్క చచ్చిపోయిందనే అనిపించేది. మృగశిర చినుకులు పడ్డాయో లేదో మళ్లీ కత్తుల్లా లేచేది, దాన్ని ఆనుకొని అవే పోలికలతో తుంగ కూడా లేచేది.

"కండ్లతోని కాదు బిడ్డా, ముక్కుతోని గుర్తుపట్టాలె. ఆకు నలిపి చూడు," అనేది అమ్మ.

వీధిలో ఎవరింట పసిబిడ్డ ఉన్నా ఆ వేరు కోసం మా గడప తొక్కాల్సిందే. ఎండిన కొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, తల్లిపాలతో సాన మీద అరగదీసి నాలుకకు రాస్తే మాటలు తొందరగా వస్తాయని నమ్మకం. పక్కింటి చాచీ మనవణ్ణి చంకనేసుకొని వచ్చి, "అక్కా, జర పెద్ద ముక్క ఇయ్యి, మావోడు ఇంక మాట్లాడుతలేడు," అనేది. అమ్మ చేతి వస నాకిన పిల్లలంతా వీధి దద్దరిల్లేలా అరిచేవారు, ఒక్క మా తమ్ముడు తప్ప.

వాడికి బడికి పోయే ఈడు వచ్చినా మాట రాలేదు. రోజూ పొద్దున మగ్గం గుంతలోకి దిగే ముందు అమ్మ వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకొని, తేనెలో అరగదీసిన వస నాలుకకు రాసి, "అమ్మా అను కొడుకా," అంటూ వాడి నోటివంకే చూసేది. ఆ కాసేపు నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. నేనేమో వస అక్కర్లేని వసపిట్టను. బడి కబుర్లన్నీ మోసుకొచ్చి, వినేవాళ్లు లేక దారం చుట్టే ఆసు మీది పోగులకు చెప్పుకొనేదాన్ని. వాడంటే ఎంత అసూయో అంత జాలి నాకు.

చివరికి కర్నూలులో ఒక డాక్టరు చూసి, వాడిది పుట్టుచెవుడని, వినబడనిదే మాట రాదని చెప్పాడు. అమ్మ ఇంటికి వచ్చి, కట్టిన చీర కూడా మార్చకుండా, గునపంతో మొక్కను పెకిలించి పెంటకుప్ప మీద పారేసింది. మర్నాటి నుంచి వాడి ఎదురుగా కూర్చోవడమూ మానేసింది. వాడు సానరాయి పక్కన చాలాసేపు ఎదురుచూసేవాడు. వాడికి ఎలా చెప్పాలో మాలో ఎవరికీ తెలియలేదు.

వానలు పడ్డాక ఒకరోజు వాడు గోలెం దగ్గర గొంతుక్కూర్చొని, ఒక్కో తుంగ ఆకునూ నలిపి వాసన చూస్తూ కనిపించాడు. మట్టిలో మిగిలిన ముక్కేదో మళ్లీ చిగురించింది. వాడు దాని వేరు కొంచెం తుంచి, కడిగి, తీసుకెళ్లి మగ్గం ముందు అమ్మకు ఎదురుగా కూర్చొని నాలుక చాపాడు. వాడికి కావాల్సింది మాటలు కాదు, పొద్దున్నే అమ్మ తన ముఖంలోకి చూడటం.

"గింతేనా కొడుకా నీకు కావాల్సింది," అని అమ్మ ఏడ్చింది. ఆ మొక్కకు మళ్లీ నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

అమ్మ పోయాక ఆ ఇంట్లో తమ్ముడొక్కడే మగ్గం నేస్తున్నాడు, వసనూ వాడే పెంచుతున్నాడు. వీధిలో చాలా మగ్గాలు పోయాయి, సానరాళ్లు పోయాయి, వస అడిగేవాళ్లు అసలే లేరు. మొన్న నేను వెళ్లినప్పుడు చాచీ మనవరాలు హైదరాబాదు నుంచి పసిబిడ్డతో మమ్మల్ని చూడవచ్చింది. బిడ్డను చూసి తమ్ముడు సంబరంగా లోపలికి పరుగెత్తి, ఎండబెట్టిన వసకొమ్ము ఒకటి తెచ్చి రెండు చేతులా అందించాడు.

"వద్దు మామూ, పిల్లలకు గీ వస మంచిది కాదంట, డాక్టర్ వద్దన్నడు," అందామె.

వాడు నవ్వుతూ చేతులు అలాగే చాపి నిలబడ్డాడు. ఆమె నా ముఖం చూసి, ఇక కాదనలేక తీసుకొని సంచిలో వేసుకుంది. వాడు చెంబెత్తుకొని మొక్కకు నీళ్లు పోయడానికి పెరట్లోకి వెళ్లాడు. ఆమె అన్న మాట ఆ ఇంట్లో విన్నది నేనొక్కదాన్నే.