రంగు పోకుండా మాటు

మా బావ కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో మూడు పాత ఇటలీ మోటారు సైకిళ్లు. మూడూ పందేల బళ్ల పద్ధతిలో చేసినవే. కిందికి వంగిన హ్యాండిలు, ఒక్కరికే సరిపడే సీటు, కుడికాలి దగ్గర గేరు. వాటికి చోటు చెయ్యడానికి మా అక్క తన బీరువాను వంటగదిలోకి మార్చుకుంది. "నాకు ముగ్గురు సవతులు. నా తల కంటే వాళ్లకే ఎక్కువ నూనె" అంటుంది.

బావ ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొదటి బండి ఇంజను విప్పినప్పుడు ప్రతి ముక్కనూ వరస తప్పకుండా పాత దుప్పటి మీద పేర్చి, చుట్టూ సుద్దతో గీత గీశాడు. నాలుగు నెలలు ఇంటిల్లిపాదీ గోడవారగా నడిచారు. తిరిగి బిగించాక ఒక్క వాషరు కూడా మిగల్లేదు.

నేను కార్లకు రంగులేస్తాను. పన్నెండేళ్ల కింద, బావను సంతోషపెడదామని, ఆయన లేని పూట ఎర్రబండి పక్కమూతకు పాలిషు పెట్టి అద్దంలా చేశాను. తయారైన చోట ఎవరో కుంచెతో గీసిన బంగారు గీత సగం నా గుడ్డకు అంటుకుంది. బావ తిట్టలేదు. "కొత్తగా ఎవడైనా చేస్తాడ్రా. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే కష్టం" అని మూత తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నన్ను ఆ బళ్లను చూడనిచ్చాడు గానీ ముట్టుకోనివ్వలేదు.

అలాంటివాడు పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎర్రబండి ట్యాంకు అడుగున, అతుకు పక్కన, సూదిమొనంత చిల్లి. పెట్రోలు చెమటలా ఊరుతోంది. తగరం కరిగించి మాటు వెయ్యాలి. కానీ వేడి పాకితే, తయారైననాటి రంగు బుడగలెత్తి ఊడిపోతుంది. మొదటి యజమాని మోకాళ్లు రాసుకుని పలచబడ్డ చోటుతో సహా ఆ రంగంటే బావకు ప్రాణం.

"నాది సన్నపని. రేకులో వేడి ఎంతదూరం పోతుందో నీకు తెలుసు. నువ్వే వెయ్యి" అన్నాడు.

"రంగు పోతే?"

"పోతే కూర్చుని ఏడుస్తా. నీకేం, ముందు చేతులు కడుక్కో."

బావ నాలుగు బోల్టులు విప్పి దించిన ట్యాంకును సబ్బునీళ్లతో ఆరుసార్లు కడిగాం. మూత బిగించి బోర్లించి, అడుగున పెట్రోలు కుళాయి ఉండే కన్నంలోంచి నీళ్లు నింపాం. లోపల నీళ్లుంటే పెట్రోలు ఆవిరికి చోటుండదు, రంగూ చల్లగా ఉంటుంది. చుట్టూ తడిగుడ్డలు పరిచి, చిల్లి దగ్గర మాత్రం బొటనవేలంత మేర రంగు గీకాను.

కాల్చిన రాగికడ్డీ పెట్టాను. తగరం అంటుకోలేదు, పూసలా దొర్లి కిందపడింది. మళ్లీ అంతే.

"నీళ్లు వేడంతా లాగేస్తున్నాయి బావా. ఒక గ్లాసుడు తియ్యాలి."

తీస్తే వేడి నిలుస్తుంది, రంగు వైపూ పోతుంది. ఆయన ట్యాంకు మీద ఒకసారి చెయ్యి వేసి చూశాడు. తర్వాత సన్నగొట్టం పెట్టి తానే నీళ్లు లాగాడు.

ఈసారి తగరం మెరుస్తూ కరిగి చిల్లిలోకి దిగింది. వెంటనే కడ్డీ తీసేశాను. గుడ్డలు ఎత్తి చూస్తే, అడుగు అంచున ఆవగింజంత బుడగ. అంతకుమించి ఏమీ లేదు.

"దానికి సరిపోయే రంగు కలపనా?" అన్నాను.

"వద్దు. అది కనబడాలంటే బండి కింద పడుకోవాలి. అంత కష్టపడ్డవాణ్ణి చూసుకోనీ."

ట్యాంకు ఆరాక పెట్రోలు పోసి, రెండు చెక్కల మీద పెట్టి, కింద వార్తాపత్రిక పరిచాం. చెరోపక్క నేలమీద కూర్చున్నాం. మధ్యాహ్నం అక్క వచ్చి, "పేపరు చదవడం అయితే అన్నానికి లేవండి" అంది.

"ఇంకా మొదటి పేజీలోనే ఉన్నాం" అన్నాడు బావ.

సాయంత్రానికి కాగితం మీద చుక్కంత మరక కూడా లేదు. బావ దాన్ని వేళ్లతో తడిమి, వాసన చూసి, నాకు అందించాడు. నేనూ వాసన చూశాను. అచ్చుసిరా వాసన తప్ప ఏమీ లేదు.

"ట్యాంకు ఎక్కించి నాలుగు బోల్టులూ నువ్వే బిగించు" అంటూ స్పానరు నా చేతిలో పెట్టి, ఆయన అన్నానికి లేచాడు.