హెల్మెట్ మీద మైసమ్మ కళ్ళు

లాలాగూడ రైల్వే గ్రౌండులో పొద్దున్నే ఆడవాళ్ళకు స్కూటీ నేర్పే కల్పలతను ఇప్పుడు చూసినవాళ్ళెవరూ నమ్మరు కానీ, నలభై దాటేదాకా ఆమెకు సైకిల్ తొక్కడం కూడా రాదు. భర్త విజయేందర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మేనల్లుడి బరాత్‌లో బ్యాండువాళ్ళు ఊపు పెంచగానే ఈయనా తీన్మార్ ఊపు పెంచి, రోడ్డు పక్క మురుగు మోరీ అంచు మీద అడుగేసి, చీలమండ విరగ్గొట్టుకున్నాడు. వానలు పడేదాకా బండి ఊసెత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. స్కూటీ వాకిట్లో ఉత్తగా నిలబడింది. కూరగాయలకూ, మందులకూ, అత్త లచ్చమ్మను కళ్ళ డాక్టరుకు చూపించడానికీ ఆటోల వెంటపడి పడి కల్పలతకు విసుగొచ్చింది. ఒక ఆదివారం గ్రౌండు అంచున కుర్చీ వేసి, మొగుణ్ణి అందులో కూర్చోబెట్టి, "ఎట్ల నడుపుతరో చెప్పుండ్రి" అంది.

విజయేందర్ తాళం తిప్పమన్నాడు. బటన్ నొక్కమన్నాడు. కుడిచేత్తో మెల్లగా రేజ్ ఇవ్వమన్నాడు. కల్పలత ఇచ్చింది. మిగతాది ఆయన చెప్పేలోపే బండి గోల్‌పోస్టు దాటిపోయింది. ఒక చుట్టు తిరిగొచ్చి, కుర్చీ ముందు నుంచి పోతూ "ఆపుడెట్ల?" అని అడిగింది. ఆయన నోరు తెరిచేసరికి మళ్ళీ గ్రౌండు అవతల ఉంది. తర్వాతి చుట్టులో "బ్రేకు" అన్న మాట చెవిన పడింది గానీ అదెక్కడుంటుందో వినపడలేదు. ఆ పై చుట్టుకు ఆమెకు భయం పోయి నవ్వు మొదలైంది. నవ్వుకుంటూనే తిరిగింది. వాకింగ్ చేసేవాళ్ళు వరసగా పక్కకు జరిగి దారిచ్చారు. ఎట్లాగో బ్రేకు దొరికి బండి ఆగింది గానీ నవ్వు ఆగలేదు. పెళ్ళయిన నాటి నుంచి భార్య అంత పెద్దగా నవ్వడం విజయేందర్ ఎన్నడూ వినలేదు. తానూ పగలబడి నవ్వి, ఆ ఊపులో కట్టుకాలు కదిపి, కెవ్వుమన్నాడు.

అందుకే కల్పలత దగ్గర ఎవరైనా ముందు నేర్చుకునేది ఆపడమే. "ఆపుడు వచ్చిందనుకో, ఇగ దునియాల యాడికన్న పోవచ్చు" అంటుంది. పక్కింటామెకు నేర్పింది. ఆమె చెల్లెలికి నేర్పింది. ఆ నోటా ఈ నోటా పాకి, కొన్నేళ్ళకు గ్రౌండులో పొద్దున్నే నైటీల మీద చున్నీలు, చీరల కింద స్పోర్ట్స్ షూలు, అంతా సందడి సందడిగా తయారైంది.

నేర్చుకునేవాళ్ళలో షెకీనా ఒకతె. చిలకలగూడలో ఒక ల్యాబులో రక్తపరీక్షలకు సూదిగుచ్చే పిల్ల. ఎంత సన్నని నరమైనా తడుముకోకుండా పట్టేస్తుంది గానీ, రోడ్డు మీద వెనక నుంచి హారన్ మోగితే మాత్రం ప్రాణం పోయినట్టే. కల్పలత వాళ్ళను రోడ్డు మీద నడిపించిన రోజు, మెట్టుగూడ మలుపులో ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు బుల్లెట్ మీద ఆనుకునేంత దగ్గరికొచ్చి హారన్ కొట్టి, "ఆంటీ, జరుగు" అని అరిచేసరికి, బండితో సహా వెళ్ళి అరటిపళ్ళ బండిలో పడింది. దెబ్బలేమీ తగల్లేదు. ఇంకో నెలలో పాతికేళ్ళు నిండబోయే తనను ఆంటీ అన్నారన్న బాధే పెద్దది.

"ముంగట చూస్కుంట నడుపుతున్న అక్కా. ఎనకకెల్లి వచ్చేటోళ్ళను ఎట్ల చూడాలె?" అని ఒళ్ళంతా అరటిపండు గుజ్జుతో అడిగింది.

"ఎనక సుత కండ్లుండాలె మనకు. మైసమ్మ కండ్ల లెక్క" అంది కల్పలత, ఆమె చున్నీ దులుపుతూ.

ఊరికే అన్నమాట కాదది. చిన్నప్పుడు పుట్టింటి వీధి చివర మైసమ్మ గుడి ఉండేది. రాయికి పసుపు పూసి, రెండు పెద్ద వెండికళ్ళు అతికించేవారు. అమ్మవారికి చేతుల్లేవు, కాళ్ళు లేవు, ఉన్నవన్నీ కళ్ళే. ఎటు నుంచి పోయినా తననే చూస్తున్నట్టుండేది. అందరూ భయమంటారు గానీ, సాయంత్రం ట్యూషన్ నుంచి ఒంటరిగా వచ్చేటప్పుడు ఆ కళ్ళు కనబడగానే కల్పలత నడక తేలికయ్యేది. ఇక ఫరవా లేదు, ఒకరు చూస్తున్నారు అనిపించేది.

ఆ మాట మరొకరి చెవిలో కూడా పడింది. ఆ పొద్దున వాళ్ళతో పాటే నేర్చుకోవడానికి వచ్చిన సృజన. కల్పలత వాళ్ళ పైపోర్షన్‌లో అద్దెకుంటూ ఆర్ట్ కాలేజీలో డిజైన్ చదువుతోంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టు అమ్మవారి మీద పెట్టుకుంది. ఎన్ని బొమ్మలు గీసినా క్యాలెండర్ బొమ్మల్లాగే వస్తున్నాయని ఏడుపుముఖంతో తిరుగుతోంది. అరటిపళ్ళ బండి పక్కన నిలబడి ఆ మాట విన్నది విన్నట్టు ఇంటికి పరుగెత్తింది. సాయంత్రానికి తన హెల్మెట్ పట్టుకుని కిందికి దిగింది. వెనకవైపు పసుపు రంగు మీద రెండు పెద్ద వెండికళ్ళు. నల్లటి కనుగుడ్లు. మధ్యలో ఎర్రటి బొట్టు. టేబుల్ మీద పెట్టగానే విజయేందర్ తింటున్న సర్వపిండి ముక్క పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"నన్నే చూస్తుంది గదనే" అన్నాడు.

"అదే గదా అంకుల్ కావాల్సింది" అంది సృజన.

వారం తిరక్కుండా ఆడవాళ్ళందరూ హెల్మెట్లు పట్టుకుని పైపోర్షన్ మెట్ల మీద వరస కట్టారు. అడ్డుపడింది లచ్చమ్మ. ఆమె ఇంటికి పెద్ద, ఆషాఢంలో బోనం ఎత్తే మనిషి.

"అమ్మోరి కండ్లు టోపీ మీదనా? చెప్పులకాడ పెడతరు, సీటు కింద కుక్కుతరు. తప్పు గాదా బిడ్డా?"

కల్పలత అత్త పక్కన కూర్చుంది. "అత్తమ్మా, నువ్వు జాతరకు పొయ్యేటప్పుడు అమ్మను మొక్కేది మంచిగ పోయి మంచిగ రావాలెననే గదా. వీళ్ళు దినాం పోతున్నరు, దినాం రావాలె" అంది.

లచ్చమ్మ చాలాసేపు హెల్మెట్ వంక చూసింది. హెల్మెట్టూ ఆమె వంక చూసింది. చివరికి, "కింద పెట్టొద్దు. బొట్టు చెరగనియ్యొద్దు. గంతే" అని లేచి, కొక్కేలు కొట్టడానికి గోడ మీద జాగా చూపించింది.

ఇక రోడ్డు మీద జరిగిన తమాషా చెప్పాలి. కల్పలత ముందు, వెనక ఒకరి వెంట ఒకరు స్కూటీలు, ప్రతి తలకూ వెనకవైపు రెండేసి కళ్ళు. హారన్ మీద బొటనవేలు పెట్టినవాళ్ళు వేలు తీసేశారు. ఒక సిటీ బస్సు డ్రైవరు చౌరస్తా దాకా వాళ్ళ వెనకే భక్తిగా వచ్చాడు. ఒక పూలామె సిగ్నల్ దగ్గర షెకీనా తలకు మూరెడు బంతిపూలు చుట్టి వెళ్ళిపోయింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ సెల్యూట్ కొట్టబోయి, సగంలో చెయ్యిని దండంగా మార్చాడు. ఆడవాళ్ళకు నవ్వాపుకోవడం బండి ఆపడం కంటే కష్టమైంది.

సృజన ప్రాజెక్టుకు కాలేజీలో మంచి పేరొచ్చింది. మారేడ్‌పల్లిలో పాత బంగళాను ఆర్ట్ గ్యాలరీగా మార్చి నడిపే ఉదయ్ భాస్కర్ ఆ ఫొటోలు చూసి, హెల్మెట్లన్నీ ఒక సాయంత్రం తన గోడ మీద ఉండాలని పట్టుబట్టాడు. నేర్చుకునేవాళ్ళంతా స్కూటీల మీదే వెళ్ళి, గుమ్మంలో హెల్మెట్లు తీసిచ్చారు. లచ్చమ్మను విజయేందర్ ఆటోలో తీసుకొచ్చాడు. తెల్లటి గోడ మీద లైట్ల వెలుగులో కళ్ళన్నీ ఒక్కసారి తనవైపు చూసేసరికి కల్పలత కొంగు సర్దుకుంది. తలల మీద ఉన్నంతసేపూ ఎవరి హెల్మెట్ కళ్ళను వాళ్ళు చూసుకున్నది లేదు.

ఉదయ్ భాస్కర్ మైకు పట్టుకున్నాడు. మెత్తటి మనిషి. అందరూ ఆడదాన్ని చూసేవాళ్ళే, ఇక్కడ ఆడది తిరిగి చూస్తోంది, స్త్రీవాదం అంటే ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు అన్నాడు. ఆ మాట కల్పలతకు బాగా నచ్చి చప్పట్లు కొట్టింది. తర్వాత ఆయన ఒక హెల్మెట్ ముందు ఆగాడు. "అన్నిట్లోకీ ఇది వేరండీ. ఇందులో కోపం ఉంది, కొంచెం అల్లరి ఉంది, పడిపోతే పట్టుకుంటాననే ధీమా ఉంది. నేను చూసిన అమ్మవారి కళ్ళలో ఇంత సజీవమైనవి లేవు."

షెకీనా చున్నీ నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు తన్నుకొచ్చింది. "సార్, అది నా హెల్మెట్. అవి అమ్మవారివి కావు సార్. మా లతక్కవి."

షెకీనా సిగ్గుపడుతూనే చెప్పింది. తమది చర్చికి పోయే ఇల్లు. తల్లి డోరా ఏమంటుందోనని అడిగితే ఆమె, "అందరి దేవుళ్ళనూ గౌరవించు, నీకు నిజంగా తోడున్నదాన్నే గీయించుకో" అన్నదట. "నన్ను అరటిపళ్ళలకెల్లి లేపింది లతక్కనే. అందుకే సృజనకు చెప్పి ఆమె కండ్లే గీయించుకున్న."

కల్పలత ఆ హెల్మెట్ దగ్గరికి నడిచింది. తన కళ్ళు గోడ మీద నుంచి తననే చూస్తున్నాయి. నిజంగానే అల్లరిగా ఉన్నాయి. ఉదయ్ భాస్కర్ పడీపడీ నవ్వి, "నా మాట ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను" అన్నాడు.

అప్పటికే ఇంకో ఘనకార్యం జరిగిపోయింది. బొట్లు చెరిగాయని లచ్చమ్మ నడుముసంచిలోని కుంకుమ తీసి, ఒక చివర నుంచి హెల్మెట్లన్నిటికీ పెట్టుకుంటూ వచ్చింది. చూడవచ్చినవాళ్ళు పూజేమో అనుకుని ఆమె వెనక వరస కట్టారు. షెకీనా హెల్మెట్‌కు కూడా బొట్టు పెట్టి, చేతులు జోడించి, కళ్ళు తెరిచేసరికి ఈ మాట విన్నది.

"అయ్యో, గిప్పుడు కోడలికి మొక్కినవా అమ్మా?" అన్నాడు విజయేందర్.

అందరూ ఆమె ముఖం చూశారు. లచ్చమ్మ హెల్మెట్‌ను చూసింది, కోడలిని చూసింది. చేతికి మిగిలిన కుంకుమ తెచ్చి కల్పలత నుదుటన అద్దింది. "మొక్కిన. తప్పేముంది? పెట్టిన బొట్టు ఉండనీ" అంది.

కల్పలత అక్కడే, అంతమంది ముందు, నవ్వుతూ ఏడ్చేసింది.

ప్రదర్శన ఇంకా సగంలో ఉండగానే ఒకామెకు ఇంట్లో వంట గుర్తొచ్చింది. మరొకామెకు పిల్లల ట్యూషన్ గుర్తొచ్చింది. సంగీత్ చౌరస్తాలో పోలీసులు హెల్మెట్లు చూస్తున్నారని ఎవరో అన్నారు. అంతే, ఆడవాళ్ళందరూ గోడ దగ్గరికి వెళ్ళి తమవి తాము తీసుకుని తలకు పెట్టుకున్నారు. ఉదయ్ భాస్కర్ "ఒక్క గంట, ఒక్క గంట" అంటూ వెంటపడ్డాడు. చూడవచ్చినవాళ్ళు ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. గోడ మీద ఉత్త మేకులు మిగిలాయి. కాసేపు తలపట్టుకున్న ఉదయ్ భాస్కర్, ఆ మేకులకే లైట్లు సర్ది, "వెళ్ళిపోయారు" అని ఒక కాగితం రాసి అంటించాడు. దాన్ని ఫొటో తీసుకున్నవాళ్ళే ఎక్కువట.

బయట విజయేందర్ ఆటో పిలిచాడు. లచ్చమ్మ ఎక్కలేదు. ఆటో ఎక్కుతున్న సృజన దగ్గర హెల్మెట్ అడిగి తలకు తగిలించుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కోడలి వెనక కూర్చుంది. నడుం గట్టిగా పట్టుకుంది. గేటు దాటాక కుడికి తిరిగితే ఇల్లు.

"ఎడమకు తిప్పు" అంది లచ్చమ్మ.

"ఎటు పోదామత్తమ్మా?"

"బొల్లారం దాక పోదాం. గాలి మంచిగున్నది."

కల్పలత ఎడమకు తిప్పింది. వెనకవాళ్ళు ఎటని అడగలేదు, అందరూ తిప్పారు. కంటోన్మెంట్ చెట్ల కింద రోడ్డు ఖాళీగా, చల్లగా ఉంది. సందె వెలుతురు ఇంకా పోలేదు. షెకీనా ఏదో పాట ఎత్తుకుంది, మాటలు రానివాళ్ళు కూడా గొంతు కలిపారు. చాలా వెనక ఆటోలో నుంచి విజయేందర్ తల బయటపెట్టి, ఇంటికి ఇటు కాదని కేకలు పెడుతున్నాడు.

"జెర రేజ్ ఇయ్యరాదే పిల్లా" అంది లచ్చమ్మ కోడలి చెవిలో.