ఖాళీ కల్లంలో దగ్గు

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి నేనూ నా స్నేహితుడూ ఒక మొబైల్ గేమ్ చేశాం. అందరూ హోటల్లో దోసెలు అందించే ఆటలు చేస్తుంటే మాది మిరప కల్లం. కూలీలను పంపి తెల్లబారిన తాలుకాయలు ఏరించాలి, మబ్బు పట్టేలోగా రాశుల మీద పట్టాలు కప్పించాలి, లారీ వచ్చేసరికి బస్తాలు నిండాలి. కల్లం గురించి నాకొకరు చెప్పాలా అని నా పొగరు. ప్రతి వేసవీ సత్తెనపల్లి దగ్గర కల్లాల్లో కాయలు ఏరే కూలీ మా అమ్మే మరి.

శబ్దాలు కూడా అసలువే కావాలని అమ్మ పనిచేసే కల్లానికి వెళ్లి, రాశి పక్కన ఫోన్ పెట్టి రెండు ఫైళ్లు రికార్డు చేశాను. ఒకటి పని జరుగుతున్నప్పటిది. మాటలు, నవ్వులు, దగ్గులు. మిరప ఘాటుకి అక్కడ దగ్గని వాళ్లుండరు. రెండోది ఆడవాళ్లు కాలవగట్టుకి అన్నాలకు వెళ్లాక తీసింది. ఆటలో కూలీలు ఇళ్లకు పోయాక వినిపించడానికి ఉత్త గాలి చప్పుడు కావాల్సి వచ్చింది.

ల్యాబ్‌లో మొదటిసారి ఆడి చూశాం. లారీ వెళ్లింది, కూలీలు వెళ్లారు. తెర మీద ఎర్రటి రాశులు, ఎండ తప్ప ఏమీ లేవు. అప్పుడు ఎవరో దగ్గారు.

"ఒరేయ్, జనం పోయినా దగ్గు పోలేదేంట్రా?" అన్నాడు నా స్నేహితుడు.

కూలీల ఫైలు ఆపడం మర్చిపోయామనుకున్నాను. చూస్తే అది ఆగే ఉంది. దగ్గు ఖాళీ కల్లం ఫైల్లోనే ఉంది. గాలికి పట్టా టపటపలాడుతోంది, మధ్యమధ్య అదే పొడి దగ్గు, ఒకే గొంతు. ఫోన్ పెట్టి ఆసేపంతా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. రాశుల మధ్య ఒక్క మనిషీ కనబడలేదు.

క్లాసులో మాత్రం పండగే. దెయ్యం దగ్గే ఆటని ఒకరి తర్వాత ఒకరు ఆడారు. సిగ్గులేని వాణ్ని, రెండు రోజులు వాళ్లతో కలిసి నేనూ నవ్వాను.

మూడో రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని శబ్దం పెంచి విన్నాను. దగ్గు ఆగాక, చాలా సన్నగా, "ఈ వారం గడిపించు తండ్రీ" అని వినిపించింది. అమ్మ రోజూ ప్రార్థన ముగించే గొంతు.

ఇంటికెళ్లి ఆమెకి వినిపించాను. అన్నాలకు పోకుండా రాశి వెనకాల కూర్చుందట. పనిలో అందరి దగ్గుల్లో తన దగ్గు కలిసిపోతుంది. అన్నాల దగ్గరైతే మేస్త్రి చెవిన పడుతుంది. రోగమని తెలిస్తే మర్నాటి నుంచి పనికి పిలవడు.

"ఎంతమంది విన్నార్రా ఇది?" అంది.

"క్లాసంతా."

"మేస్త్రికి తెలిసిద్దా?"

ఆసుపత్రికి పోదామంటే కొట్టిపారేసింది. "మిరపకాయల్లో కూర్చున్నోళ్లకి దగ్గు రాక ఏమొచ్చిద్దిరా?" ఇన్నేళ్లూ నేనూ అదే అనుకున్నాను. ప్రతి వేసవీ ఆ దగ్గు వింటూ ఆమె పక్కనే నిద్రపోయినవాణ్ని. నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పోట్లాడి గుంటూరు తీసుకెళ్లాను. డాక్టరు గది బయట బెంచీ మీద కూర్చున్నాం. ఫినాయిల్ వాసన తప్ప ఇంకే వాసనా లేదు. అమ్మకి దగ్గు తెర వచ్చింది, ఎంతకీ ఆగలేదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అయినా కొంగు వాసన చూసుకుంది, తర్వాత రెండు అరచేతులూ. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడ కాయల్లేవు గదరా," అంది.